కవచం ముందా, ఛాతీ ముందా? మైమరువు నుంచి థొరాక్స్ దాకా కొన్ని మాటల పుట్టుక

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. వైద్యులు ఛాతీకి వాడే థొరాక్స్ అన్న గ్రీకు మాటకు మొదట కవచమనే అర్థం ఉండేదన్నది నిజమా అని ఒకటి. కవచానికి తెలుగులో సొంత మాటంటూ లేదా, ఉన్నవన్నీ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవేనా అని రెండోది. ఐరోపా మధ్యయుగాల చరిత్రను తెలుగులోకి తెస్తున్నప్పుడు బ్రెస్ట్‌ప్లేట్ (రొమ్ము మీది పలక), క్విరాస్ (ముందు వెనక పలకల జత), మెయిల్ (ఇనుప ఉంగరాల అల్లిక), హాబర్క్ (మోకాళ్ళ దాకా దిగే ఉంగరాల చొక్కా) అన్నిటికీ కవచం అన్న ఒక్క మాటే రాయవలసి వస్తోంది, వేరే దారి ఉందా అని మూడోది. మొదటి దానికి జవాబు అవును, రెండో దానికి కాదు. మూడో దానికి దారి ఉంది కానీ, అది మొదటి రెండింటి గుండా వెళ్ళేదే కాబట్టి కాస్త ఓపికతో చదవమని మనవి. నిఘంటువుల పనిలో చాలా ఏళ్ళు గడిపినందువల్ల ఈ మాటలంటే నాకున్న ఇష్టం కొంత, వీటి మీద చెలామణీ అవుతున్న తప్పుడు వ్యుత్పత్తులను చూసిన బాధ కొంత నన్నీ జవాబు ఇంత పొడుగ్గా రాయించాయి.

థొరాక్స్‌తో మొదలుపెడతాను. హోమర్ ఇతిహాసాల్లో ఈ మాటకు యోధుడు ఒంటికి తొడుక్కునే రక్షణ అనే అర్థం. నారతో చేసిన కవచం తొడుక్కున్న వీరుణ్ణి ఇలియడ్‌లో లినోథొరాక్స్ అన్న విశేషణంతోనే చెప్పారు. ఇంకా వెనక్కి వెళితే, దక్షిణ గ్రీసులోని పైలోస్ రాజభవనం క్రీ.పూ. 1200 ప్రాంతంలో తగలబడినప్పుడు ఆ మంటలకే కాలి గట్టిపడి మనదాకా మిగిలిన మట్టి పలకల మీద, లీనియర్ బి అనే పాత గ్రీకు లిపిలో, ‘తొ-ర-కె’ అన్న మూడక్షరాలు, వాటితో పాటు కవచాన్ని సూచించే బొమ్మ ఉన్నాయి. అవి రాజభవనం వారి సరుకుల లెక్కలు. అంటే మనకు దొరికిన తొలి రాతలోనే ఆ మాట కొట్లో భద్రపరిచిన ఒక వస్తువు పేరు, మనిషి ఒంట్లో ఒక భాగం పేరు కాదు. ఆ వస్తువు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి 1960లో గ్రీసులోనే డెండ్రా అనే చోట ఒక సమాధిలో బయటపడిన కంచు కవచం సాయపడుతుంది. అది క్రీ.పూ. 15వ శతాబ్దం నాటిది. ముందొక రేకు, వెనకొక రేకు, భుజాలకు వేరే రేకులు, గడ్డం దాకా లేచే మెడపట్టీ, నడుము నుంచి కిందికి ఒకదాని మీద ఒకటి వాలే వెడల్పాటి పట్టీలు కలిపి చేసిన ఆ వస్తువు మనిషిని మెడ నుంచి తొడల దాకా కప్పేస్తుంది.

ఈ కొలతను మనసులో పెట్టుకుని క్రీ.పూ. 4వ శతాబ్దానికి రండి. జంతువుల శరీరాన్ని వర్ణిస్తూ అరిస్టాటిల్ మెడ నుంచి మర్మావయవాల దాకా ఉన్న మొండెం మొత్తాన్నీ థొరాక్స్ అన్నాడు. అది మన ఛాతీ కాదు, కడుపు కూడా అందులోనే ఉంది. కవచం ఎంత మేర కప్పుతుందో శరీరంలో అంత మేరకూ కవచం పేరే వచ్చిందన్న మాట. పేరు వస్తువు నుంచి దేహానికి నడిచిందనడానికి ఇంతకంటే చక్కని ఆనవాలు నాకు కనబడలేదు. ఛాతీకి పెట్టిన పేరే మొదటిదయి ఉంటే అది పొత్తికడుపు దాకా జారవలసిన పని లేదు. పైగా గ్రీకు శిల్పులు, కమ్మరులు కలిసి రొమ్ము కండలు, బొడ్డు, పొట్ట మీది గీతలు అన్నీ కంచులోనే తీర్చిన కవచాలు చేసేవారు. తొడుక్కున్న దానికీ లోపల ఉన్న దానికీ చూపులో తేడా లేనప్పుడు పేరులో మాత్రం తేడా ఎంతకాలం నిలుస్తుంది? తరువాతి వైద్యుల చేతిలో ఆ మాట క్రమంగా పక్కటెముకల గూటికి పరిమితమైంది. కీటకానికి తల, ఉదరం, వాటి మధ్య థొరాక్స్ అని పాఠ్యపుస్తకాల్లో చదివే పిల్లలు తెలియకుండానే ఒక కంచు కవచం పేరు పలుకుతున్నారు.

అయితే దీన్ని సూత్రంగా తీసుకోకండి, ఎందుకంటే దీనికి సరిగ్గా ఎదురు దిక్కులో నడిచిన మాటలూ ఉన్నాయి. పాత ఇంగ్లీషులో ఉంగరాల కవచాన్ని బిర్నె అనేవారు. దానికి గోథిక్ రూపం బ్రున్యో, పాత నార్స్ రూపం బ్రిన్యా. ఇవి కెల్టిక్ భాషల్లో రొమ్ముకు ఉన్న మాట నుంచి వచ్చాయని ఎక్కువమంది పండితులు అంగీకరిస్తారు. పాత ఐరిష్‌లో బ్రున్నె అన్నా వెల్ష్‌లో బ్రోన్ అన్నా రొమ్మే. జర్మానిక్ తెగల వారు కెల్టిక్ వారి నుంచి వస్తువునూ పేరునూ కలిపే తెచ్చుకున్నారు, తరువాత స్లావులు జర్మానిక్ వారి నుంచి తీసుకున్నారు. ఈనాటి రష్యన్‌లో కవచానికి ఉన్న బ్రొన్యా అదే. ఒక జాతి రొమ్ము ఇంకో జాతికి ఇనుప చొక్కా అయ్యి, మరొక జాతి దగ్గర యుద్ధ ట్యాంకు మీది ఉక్కు పలక అయింది. జర్మన్ పాంజర్ కథ ఇంకా విచిత్రమైనది. లాటిన్‌లో పాంటెక్స్ అంటే పేగులు, పొట్ట. దాని నుంచి పాత ఫ్రెంచిలో పొట్టకు పాన్స్ అనీ, పొట్టను కప్పే కవచానికి పాన్సియెర్ అనీ మాటలు పుట్టాయి. అది జర్మన్‌లోకి పోయి పాంజర్ అయి, 20వ శతాబ్దంలో ట్యాంకులకు పేరయింది. సైన్యమంతా భయపడే ఆ వాహనం పేరు మూలార్థం పొట్టకప్పు.

మన సంస్కృత పదాల్లో ఈ రొమ్ము నుంచి కవచానికి పోయే దారి పారదర్శకంగా కనిపిస్తుంది. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం కవచానికి ఇచ్చిన పర్యాయపదాలు ఇవి: ‘తనుత్రం వర్మ దంశనమ్, ఉరశ్ఛదః కంకటకో జాగరః కవచోऽస్త్రియామ్’. తనుత్రం అంటే తనువును కాపాడేది. ఉరశ్ఛదం అంటే ఉరమును, అంటే రొమ్మును కప్పేది. దంశనంలో ఉన్నది కొరకడం అనే అర్థం గల ధాతువే, ఒంటిని కరిచిపట్టుకుని ఉండేది అనుకుంటే భావం అందుతుంది. వర్మకు మూలం కప్పడం అనే అర్థం గల వృ ధాతువు.

వర్మ దగ్గర కొంచెం ఆగాలి. ఋగ్వేదం ఆరో మండలంలోని 75వ సూక్తం యుద్ధ సామగ్రిని ఒక్కొక్కటిగా స్తుతిస్తుంది. అందులో అందరికన్నా ముందు వచ్చేది విల్లు కాదు, బాణం కాదు, వర్మ తొడిగిన యోధుడు. అతడు పోరు మధ్యకు వెళుతుంటే మబ్బులా కనిపిస్తాడంటుంది మొదటి మంత్రం. చివరి వైపు ‘మర్మాణి తే వర్మణా ఛాదయామి’ అని వస్తుంది, నీ మర్మస్థానాలను వర్మతో కప్పుతున్నాను అని. మర్మ, వర్మ అన్న రెండు మాటలను పక్కపక్కన పెట్టిన ఆ కవి చెవి ఎంత గొప్పదో చూడండి. దెబ్బ తగిలితే ప్రాణం పోయే చోటు ఒకటి, ఆ దెబ్బను ఆపేది ఇంకొకటి, రెంటికీ మధ్య తేడా ఒక్క అక్షరం. తమిళంలో ఈ రెండూ కలిసిపోయాయి కూడా. అక్కడ మర్మస్థానాల మీద కొట్టే విద్య అయిన వర్మకలైలోని వర్మం అంటే కవచం కాదు, మర్మస్థానమే. క్షత్రియ నామాల చివర వచ్చే వర్మ మాత్రం కవచమే. మహేంద్రవర్మ, నరసింహవర్మ అన్న పల్లవ రాజుల పేర్లలోనూ, జయవర్మ, సూర్యవర్మ అన్న కంబోడియా రాజుల పేర్లలోనూ ఉన్నది ఇదే. ఈడొచ్చిన రాజకుమారుణ్ణి సంస్కృతంలో వర్మహరుడు, కవచహరుడు అనేవారు. ఎన్నేళ్ళు వచ్చాయని లెక్క పెట్టకుండా కవచం మోయగలిగాడా లేదా అన్నదాన్ని బట్టి వయసు చెప్పే పద్ధతి అది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాటకు వస్తాను. ఏ రోజు దినపత్రిక తెరిచినా సన్నాహాలు, సన్నద్ధం అన్న మాటలు కనీసం ఒక్కచోటైనా ఉంటాయి. ఎన్నికలకు సన్నాహాలు, పరీక్షలకు సన్నద్ధం, సమ్మెకు సన్నద్ధం. ఇందులో ఉన్నది కట్టుకోవడం, బిగించుకోవడం అనే అర్థం గల నహ్ ధాతువు. సన్నాహం అంటే బిగించి కట్టుకునేది, అంటే కవచం. సన్నద్ధుడు అంటే కవచం కట్టుకున్నవాడు. నేను చెబుతున్నది కేవలం ధాతువును లాగి చేసిన ఊహ కాదు. అమరకోశంలోనే ‘సన్నద్ధో వర్మితః సజ్జో దంశితో వ్యూఢకంకటః’ అని కవచధారికి పేర్లు చెప్పారు. వర్మితుడు, దంశితుడు, సన్నద్ధుడు ముగ్గురూ ఒకే మనిషి. యుద్ధానికి వెళ్ళేవాడు ఆఖరున చేసే పని కవచపు తాళ్ళు బిగించుకోవడం కాబట్టి, తాళ్ళు బిగించాడంటే ఇక బయలుదేరడమే తరువాయి. ఆ క్షణం నుంచే ‘సిద్ధం’ అన్న అర్థం పుట్టింది. ఆ తరువాత కవచం జారిపోయి సిద్ధపడడం మాత్రం మిగిలింది. సన్నద్ధుడితో పాటే పేర్కొన్న సజ్జుడికీ అదే గతి పట్టింది. అదే నహ్ ధాతువు నుంచి పుట్టిన ఇంకో మాట ఉపానహం, పాదం కింద కట్టుకునేది, అంటే చెప్పు. ఈ చెప్పుల సంగతి గుర్తుంచుకోండి, తెలుగు మాటల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

కప్పడం, కట్టడం అన్న పనుల నుంచి వచ్చిన పేర్లు ఇవి. దేనితో చేశారన్న దాని నుంచి వచ్చిన పేర్లు ఇంకొక గుంపు. వీటిలో తమాషా ఏమిటంటే, వస్తువు మారినా పేరు మారదు. లాటిన్‌లో కవచానికి లోరికా అన్న పేరు తోలు పట్టీ అనే అర్థం గల లోరుమ్ నుంచి వచ్చిందని క్రీ.పూ. 1వ శతాబ్దంలోనే రోమన్ పండితుడు వార్రో రాశాడు. మొదట పచ్చితోలు పట్టీలతో రొమ్ముకు రక్షణ చేసుకునేవారనీ, తరువాత ఇనుప ఉంగరాల చొక్కా వచ్చినా పేరు అదే నిలిచిందనీ ఆయనే వివరించాడు. ఫ్రెంచి క్విరాస్ కూడా అంతే. దానికి మూలం తోలుతో చేసినది అనే అర్థం గల కొరియాకియా, దానికి మూలం తోలు అనే అర్థం గల కొరియుమ్. 19వ శతాబ్దంలో మెరిసే ఉక్కు పలకలు తొడుక్కుని గుర్రాలెక్కిన క్విరాసియర్లు పేరుకు తోలు తొడుక్కున్నవారే. ఈ లాటిన్ కొరియుమ్, మన చర్మ రెండూ కోయడం అనే అర్థం గల ఒకే ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి వచ్చాయి, ఒలిచి కోసి తీసినదే తోలు కనుక. సంస్కృతంలో చర్మ అంటే డాలు అన్న అర్థం కూడా ఉంది. తోలుతో చేశారు కాబట్టి తోలు అనే పిలిచారు, అంతే.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధాగారాధ్యక్షుడి ప్రకరణం ఈ విషయంలో గొప్ప గని. అక్కడ లోహజాలిక, పట్ట, కవచ, సూత్రక అని కవచాలను చెప్పి, ఖడ్గమృగం, ఏనుగు, ఎద్దు వంటి జంతువుల తోళ్ళు, గిట్టలు, కొమ్ములు కలిపి చేసేవాటినీ చెబుతారు. లోహజాలిక అంటే లోహంతో అల్లిన వల. ఇప్పుడు ఇంగ్లీషు మెయిల్‌ను చూడండి. అది ఫ్రెంచి మాయ్ నుంచి, అది లాటిన్ మాకులా నుంచి వచ్చింది. మాకులా అంటే మచ్చ అనీ, వల కన్ను అనీ అర్థం. ఒక్కో ఇనుప ఉంగరాన్ని చుట్టూ ఉన్న నాలుగు ఉంగరాల గుండా దూర్చి, కొసలు చదును చేసి, చిన్న చీలతో బిగించి, అలా వేల ఉంగరాలు అల్లుకుంటూ పోయిన చొక్కాను దూరం నుంచి చూస్తే చేపల వలే గుర్తొస్తుంది. ఎవరి దగ్గరా ఎవరూ అరువు తెచ్చుకోకుండానే ఇద్దరికీ అదే పోలిక తట్టింది. అందుకే పోలిక కుదిరినంత మాత్రాన బంధుత్వం కట్టెయ్యకూడదని కొత్తవాళ్ళకు ఎప్పుడూ చెబుతుంటాను.

అదే అర్థశాస్త్ర పాఠంలో శిరస్త్రాణ, కంఠత్రాణ తరువాత కూర్పాస, కంచుక, వారబాణ అని మూడు మాటలు వరసగా వస్తాయి. మొండెం దాకా ఉండేది కూర్పాసమనీ, మోకాళ్ళ దాకా దిగేది కంచుకమనీ, మడమల దాకా వచ్చేది వారబాణమనీ వ్యాఖ్యానం చెబుతుంది. వారబాణంలో మన బాణం లేదు. అది పాత ఇరానియన్‌లోని రొమ్ము, కాపు అనే రెండు మాటల కూర్పు నుంచి వచ్చిందని భాషావేత్తలు నిర్ణయించారు. బాణాన్ని వారించేది అని తరువాతివారు సంస్కృతంలో చెప్పుకున్న అర్థం కూడా అందంగానే కుదిరింది కానీ అది మాట స్థిరపడ్డాక పుట్టిన వివరణ. ఇరానియన్‌లోనే మెడకు గ్రీవ్, కాపుకు బాన్ కలిపి గ్రీవ్‌బాన్ అన్న కంఠకవచం ఉండేది. ఉర్దూలో చొక్కా మెడపట్టీకి వాడే గిరేబాన్ దాని ఈనాటి రూపం. ఇంగ్లీషు హాబర్క్ కూడా పుట్టుకలో కంఠత్రాణమే. ఫ్రాంకులు అనే పాత జర్మానిక్ తెగ భాషలో హల్స్ అంటే మెడ, బెర్గ్ అంటే కాపు. మెడను కాచేదిగా మొదలై, భుజాల మీదికి దిగి, మోకాళ్ళ దాకా వచ్చిన ఇనుప చొక్కా మొత్తానికి పేరయింది. ఒకటి మెడ నుంచి కిందికి పెరిగింది, ఇంకొకటి మెడ దగ్గరే ఉండిపోయి ఇనుము పోగొట్టుకుని బట్ట అయింది.

బట్ట అన్నాను కాబట్టి కంచుకం సంగతి. కంచుకం అంటే కవచం, రవిక, పాము విడిచిన పొర, మూడూను. ‘సమౌ కంచుకనిర్మోకౌ’ అని అమరకోశమే కంచుకాన్ని పాము పొరకు పర్యాయపదం చేసింది. తెలుగు కుబుసం దగ్గర కూడా ఇదే కలయిక కనిపిస్తుంది. ఇప్పుడు మనం కుబుసాన్ని పాముకే వదిలేశాం కానీ పాత తెలుగులో కుబుసం అంటే ఒంటికి తొడుక్కునే రవిక, అంగీ కూడా. కన్నడంలో ఇవాళ్టికీ కుప్పస, కుబుస అంటే రవికే. ఈ మాటలు పైన చెప్పిన కూర్పాసం వంశానికి చెందినవి. ఆయుధాగారంలో లెక్కకెక్కిన కవచం, ఆడవారి రవిక, పాము విడిచిన పొర ఒకే మాటలో ఇమడడం మొదట వింతగా తోస్తుంది కానీ, మూడింటిలోనూ ఉన్నది ఒంటికి అతుక్కుని ఉండే తొడుగు అన్న ఒకే ఊహ. జాకెట్ కథా ఇంతే. ఫ్రెంచిలో జాక్ అన్నది సైనికులు కూడా తొడుక్కున్న పొట్టి అంగీ, ఇంగ్లీషులో జాక్ పేరిట దూది కుట్టినవీ, మధ్యలో ఇనుప ముక్కలు పెట్టి కుట్టినవీ కవచాలుగా వాడారు. జాక్‌కు చిన్నతనాన్ని సూచించే రూపం జాకెట్. తెలుగులో జాకెట్ అంటే రవిక, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ అంటే కవచం. కంచుకం నడిచిన దారిలోనే జాకెట్ మనకళ్ళ ముందు మళ్ళీ నడిచింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తెలుగుకు సొంత మాట ఉంది, అది చాలా పాతది, చాలా అందమైనది: మైమరువు. పాత రాతలో మైమఱువు. మై అంటే ఒళ్ళు, మెయి, మేను అన్న మాటల చుట్టం. మరువు అంటే చాటు, మరుగు. మరుగున పడడం, మరుగుదొడ్డి అన్న మాటల్లో ఉన్న మరుగే ఇది. ఒంటికి చాటు మైమరువు. ప్రాచీన తమిళంలో దీనికి సరిగ్గా జోడీగా మెయ్‌మ్మఱై ఉంది. చేర రాజులను కీర్తించిన సంగం కాలపు సంకలనం పదిఱ్ఱుప్పత్తులో రాజును ‘శాన్ఱోర్ మెయ్‌మ్మఱై’ అని సంబోధిస్తారు, శూరులకు కవచం వంటివాడా అని. మెయ్, మై ఒకటే. మఱై, మఱువు ఒక కుదురువే. సంస్కృతం నుంచి తెచ్చుకునే అవసరం రాకముందే ద్రావిడ భాషలు మాట్లాడేవారికి ఈ వస్తువూ ఉంది, దానికి ఒకే తీరున కట్టిన పేరూ ఉంది.

మైమరువు చచ్చిపోయిన మాట అని ఎవరైనా అంటే వారికి తెలుగు బైబిలు చూపండి. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం 14వ వచనంలో ‘నీతియను మైమరువు’ తొడుక్కోమని ఉంది. ఆ చోట గ్రీకు మూలంలో ఉన్న మాట ఏదనుకున్నారు? థొరాక్స్. మీ మొదటి ప్రశ్నలోని మాటకు తెలుగు మాటను అనువాదకులు ఎప్పుడో కుదిర్చి పెట్టారు, అదీ సరైన అర్థంలో. ఒక చిక్కు మాత్రం ఉంది. మైమరువును మైమరపుగా చదివేసేవారిని చాలామందిని చూశాను. ఒకసారి ఒక విద్యార్థి ఇదే వాక్యం చదివి, నీతిలో ఒళ్ళు మరచిపోవడం అని ఎంతో భక్తిగా వివరించాడు. అతణ్ణి తప్పుపట్టలేను. మరచు, మరుగు రెంటినీ ద్రావిడ భాషావేత్తలు ఒకే కుటుంబంలో చేరుస్తారు, మనసుకు చాటైపోయినదే మరపు. అయినా ఆనందంలో ఒళ్ళు తెలియకపోవడం మైమరపు, ఆయుధానికి ఒళ్ళు అందకుండా చేసేది మైమరువు.

రెండో మాట జోడు. పాత తెలుగులోనూ కన్నడంలోనూ జోడుకు కవచం అన్న అర్థం ఉంది. జత అనే అర్థం గల మాటకు చెప్పులు అన్న అర్థం ఎలా వచ్చిందో ఎవరికైనా తెలుస్తుంది, రెండుంటాయి కాబట్టి. కవచానికి కూడా ముందు పలక, వెనక పలక అని రెండు ఉండడమే కారణమని నేను భావిస్తాను. నా ఈ అభిప్రాయానికి బలం ఇంగ్లీషు నుంచి దొరికింది. 14వ శతాబ్దంలో పలకల కవచాన్ని వాళ్ళు పెయిర్ ఆఫ్ ప్లేట్స్, అంటే పలకల జత అనే పిలిచేవారు. ఉపానహం, సన్నాహం ఒకే ధాతువు పిల్లలైనట్టే, తెలుగులో చెప్పులూ కవచమూ ఒకే మాట పంచుకున్నాయి. సంస్కృతం కట్టుకోవడాన్ని చూసింది, తెలుగు జతను చూసింది.

వేటికీ సంబంధం లేదనిపించినా మీకు తప్పక పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. మన స్తోత్ర వాఙ్మయంలో కవచం అనే ప్రక్రియ ఉంది. నా శిరస్సును ఫలానా దేవత కాపాడుగాక, నా కన్నులను ఫలానా రూపం కాపాడుగాక అంటూ తల నుంచి పాదాల దాకా ఒక్కొక్క అంగాన్నీ మంత్రంతో కప్పుకుంటూ వస్తారు. భాగవతం ఆరో స్కంధంలో విశ్వరూపుడు ఇంద్రునికి ఉపదేశించిన నారాయణ కవచం అటువంటిదే. దీని ఊహ మాత్రం ఇంకా పాతది, పైన చెప్పిన ఋగ్వేద సూక్తం ‘బ్రహ్మ వర్మ మమాంతరమ్’ అని ముగుస్తుంది, మంత్రమే నా లోపలి కవచం అని. ఇక్కడి నుంచి వేల మైళ్ళ దూరాన, మధ్యయుగాల తొలినాళ్ళ ఐర్లాండ్‌లో క్రైస్తవ సన్యాసులు ఒక్కొక్క అంగాన్నీ పేరు పెట్టి రక్షణ కోరే ప్రార్థనలు రాశారు. వాటికి వారు పెట్టుకున్న పేరు లోరికా. తోలు పట్టీ నుంచి పుట్టిన లాటిన్ మాట, వృ ధాతువు నుంచి పుట్టిన వేద పదం, ఎక్కడా కలుసుకోకుండానే ఒకే ఇంటికి చేరాయి. మీరు అనువదించే పాఠంలో ఐర్లాండ్ సాధువు పాట్రిక్ పేరిట ఉన్న సెయింట్ పాట్రిక్ బ్రెస్ట్‌ప్లేట్ అన్న పేరు వస్తే అది ఇనుప పలక కాదు, ఇలాంటి ప్రార్థనే. అక్కడ పాట్రిక్ కవచం అని రాస్తే తెలుగు పాఠకుడికి వివరణ అక్కరలేకుండా అందుతుంది.

తప్పుడు వ్యుత్పత్తుల గురించి ఒక హెచ్చరిక. కవచం, ఇంగ్లీషు కవర్ ఒకటేనని అన్నవారిని చాలాచోట్ల చూశాను. కవర్‌కు మూలం లాటిన్ కోఓపెరిరె, అందులోని మొదటి అక్షరం ‘పూర్తిగా’ అనే అర్థం ఇచ్చే ఉపసర్గ మాత్రమే. అసలు ధాతువును తీసి చూస్తే భాషావేత్తలు దాన్ని కప్పడమనే అర్థం గల వృ ధాతువుతో కలుపుతారు. అంటే కవర్‌కు సంస్కృతంలో నిజమైన చుట్టం కవచం కాదు, వర్మ. చెవికి ఒకేలా వినిపించే జంటకు సంబంధం లేదు, ఏమాత్రం పోలిక లేని జంటది ఒకే వంశం.

ఇక మూడో ప్రశ్న, అనువాదంలో ఏ మాట వాడాలన్నది. మొత్తం కవచం అన్న సాధారణార్థంలో కవచం అనే మాటనే ఉంచండి, అది అందరిదీ. రొమ్మును మాత్రమే కాచే బ్రెస్ట్‌ప్లేట్‌కు రొమ్ముపలక అనండి. ఉరస్త్రాణం తప్పేమీ కాదు కానీ శిరస్త్రాణం పక్కన పడితే చదివేవాడి కన్ను తడబడుతుంది. ముందు వెనక రెండు పలకలూ కలిసిన క్విరాస్‌కు జోడు కన్నా సరైన మాట నాకు తోచదు. మొదటిసారి వచ్చినచోట జోడుకవచం అని రాసి, తరువాత జోడు అని వదిలేస్తే పాఠకుడు అలవాటు పడతాడు. మెయిల్‌కు గొలుసు కవచం అని వాడుకలో ఉంది, కానీ అది ఉంగరాల అల్లికే తప్ప గొలుసు కాదు. ఇంగ్లీషులో కూడా చైన్ మెయిల్ అన్నది తరువాతి కాలంలో వచ్చిన జంటపదమే. ఉంగరాల కవచం అనవచ్చు, పాత వాసన కావాలంటే కౌటిల్యుని లోహజాలిక సిద్ధంగా ఉంది. మోకాళ్ళ దాకా దిగే హాబర్క్‌కు ఉంగరాల కంచుకం అంటే పొడవుతో సహా అర్థం కుదురుతుంది, వ్యాఖ్యానం ప్రకారం కంచుకం కొలత సరిగ్గా అంతే. ఆయుధం దూరని కవచం అని నొక్కి చెప్పవలసిన చోట నివాతం అన్న మాట ఉంది. ‘శస్త్రాభేద్యం చ వర్మ యత్’ అని అమరకోశం దానికి అర్థం చెప్పింది, నివాతకవచులన్న రాక్షసుల పేరులో ఉన్నదీ అదే. కానీ దాన్ని పద్యానికో పౌరాణిక సందర్భానికో దాచుకోండి, ఈనాటి పోలీసు తొడుక్కున్నదాన్ని బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ అనే రాయండి.

మైమరువును మాత్రం పాత్రల నోట పెట్టండి. వర్ణనలో కవచం అని రాసినా, యుద్ధానికి వెళ్ళే కొడుకుతో తల్లి మాట్లాడే చోట, ‘మైమరువు బిగించుకున్నావా నాయనా’ అనిపించండి. ఆ వాక్యంలో బిగించడం ఉంది, ఒళ్ళుంది, చాటుంది. కవచం అన్న మాట అక్కడ అంత పని చేయలేదు.